మౌని పంపిన బంతి

ఫోన్ మోగేసరికి తూనీగ ఒక పళ్ళ సెట్టుకి సానపడుతున్నాడు. దంతవైద్యుడి క్లినిక్ వెనుక, ఒకే కిటికీ ఉన్న చిన్న గదిలో అతని పని. ముందు గదిలో డాక్టరు రోగుల నోటినుంచి అచ్చులు తీసి పంపిస్తాడు. వాటిలో ప్లాస్టర్ పోసి, మైనంతో చిగుళ్ళు కట్టి, పళ్ళు అమర్చి, నాలుక తగిలినా తెలియనంత నున్నగా మెరుగుపెట్టి ఇవ్వడం ఇతని వంతు. బల్ల మీద ఎప్పుడు చూసినా నాలుగైదు నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. "ఇన్ని నోళ్ళున్నా ఒక్కటీ మీకు ఎదురు చెప్పదు, అదృష్టవంతులు" అంటుంది భార్య.

తూనీగ అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టులో ఎడమ వింగ్‌లో ఆడే రోజుల్లో తోటి ఆటగాళ్ళు పెట్టింది. అప్పుడు బక్కపలచగా, నేలకి ఆనీ ఆననట్టు పరిగెత్తేవాడు. అరవై దాటిన ఇప్పుడు కూడా బక్కపలచగానే ఉన్నాడు కానీ, మెట్లు దిగేటప్పుడు మాత్రం గోడ పట్టుకుంటాడు. అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఎక్కడా వినపడదు. భార్యకి కోపమొస్తే ఆవిడ కూడా "ఏమండీ తూనీగ గారూ" అనే పిలుస్తుంది.

"సార్, నేను యూనివర్సిటీ నుంచి మాట్లాడుతున్నాను. ఫుట్‌బాల్ కోచ్‌ని. అబ్బాయిల జట్టుకి."

గొంతు ఆడపిల్లది. తూనీగ సానరాయి ఆపి, "అబ్బాయిల జట్టుకా అమ్మా?" అన్నాడు.

"అందరూ ఇలాగే అడుగుతారు సార్. అవును, అబ్బాయిలకే. అమ్మాయిల జట్టుకి కోచ్ అక్కర్లేదు, వాళ్ళెలాగూ గెలుస్తున్నారు" అని నవ్విందామె. "కొత్తగా క్రీడాభవనం కట్టాం. వరండా గోడంతా జట్టు చరిత్ర పెడుతున్నాం, ఫొటోలతో సహా. వరసగా రెండేళ్ళు ఛాంపియన్లుగా నిలిచింది మీ జట్టొక్కటే సార్. మీరంతా రావాలి. మావాళ్ళతో సరదాగా కాసేపు ఆడాలి కూడా."

తూనీగ నోటినుంచి వచ్చిన మొదటి మాట, వస్తాననీ కాదు, రాననీ కాదు.

"మౌని వస్తున్నాడా?"

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు. "ఆ పేరుతో ఎవరూ... ఓ, ఫొటో వెనక రాసుంది, కెప్టెన్ గారా! ఆయన అడ్రసు దొరకలేదు సార్. వాతావరణ శాఖలో పనిచేసేవారని ఎవరో చెబితే వాళ్ళ ఆఫీసుకి రాశాను. ఇంకా జవాబు రాలేదు. మీ దగ్గరేమైనా ఉందా?"

"నా దగ్గరుంటే నేనిలా ఉంటానా అమ్మా" అన్నాడు తూనీగ. ఆ పిల్లకి అర్థం కాలేదు.

*

ఆ జట్టు చరిత్ర మొదట్లో ఓటముల చరిత్రే. దాన్ని మొదలుపెట్టింది భూగర్భశాస్త్రం మేష్టారు. ఆయన జన్మలో బంతి తన్ని ఎరగడు. విద్యార్థులు సాయంత్రాలు ఊరికే గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటున్నారని బాధపడి, ఒక బంతి, ఒక ఈల, ఒక నిబంధనల పుస్తకం కొనుక్కొచ్చాడు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఆయనకి చివరిదాకా పూర్తిగా అంతుపట్టలేదు. హాస్టల్ వెనక మైదానంలో సగం గడ్డి, సగం కంకర. ఆట మొదలయ్యే ముందు అందరూ వరసగా నడుస్తూ రాళ్ళు ఏరాలి. వాటిలో మంచివి చూసి మేష్టారు తన డిపార్ట్‌మెంటుకి పట్టుకుపోయేవాడు.

మొదటి కొన్నేళ్ళు అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఈ జట్టు ఎదురుపడిందంటే అవతలివాళ్ళు ముందురోజు హాయిగా నిద్రపోయేవారు. గోల్స్ లెక్కపెట్టడం మానేసి, ఎప్పుడు అయిపోతుందా అని చూసేవారు. అయినా మేష్టారు మర్నాడు ఈల ఊదేవాడు. "రాయి రాయి కావడానికి కోట్ల ఏళ్ళు పట్టింది. మీకు తొందరేంటి?" అనేవాడు.

తూనీగ చేరిన ఏడాదే ఇంకో ఇద్దరు చేరారు. ఒకడు గోల్‌కీపర్. గోలు ముందు నిలబడేవాడు కాబట్టి గుమ్మం అన్నారు. పేరుకి గుమ్మమే గానీ, దాన్ని దాటి పోవడం ఎవరి తరమూ కాలేదు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. అవతలి ఆటగాడు బంతి పట్టుకుని దూసుకొస్తుంటే వాడితో కబుర్లు పెట్టుకుని, వాడు నవ్వేలోగా బంతి లాక్కునేవాడు.

రెండోవాడు స్టాటిస్టిక్స్ విద్యార్థి. మొదటిరోజు మేష్టారు "నువ్వెక్కడ ఆడతావోయ్?" అని అడిగితే, మైదానం నడిబొడ్డుకి వేలు చూపించి ఊరుకున్నాడు. ఆ వేలే అతని పరిచయం. ఆరోజే మౌని అయిపోయాడు. ఏడాది తిరిగేసరికి కెప్టెన్ కూడా అయ్యాడు. అరవకుండా జట్టుని నడిపిన కెప్టెన్‌ని ఆ పోటీల్లో ఎవరూ అంతకుముందు చూడలేదు.

లోకంలో అందరూ నువ్వున్న చోటికి బంతి ఇస్తారు. మౌని మాత్రం నువ్వు ఉండబోయే చోటికి ఇచ్చేవాడు. తల కూడా ఎత్తేవాడు కాదు. మొదటిసారి తూనీగకిది అర్థం కాలేదు. బంతి తనకి పది అడుగుల ముందు ఖాళీలోకి పోతే, "ఎవడికిస్తున్నావురా, గాలికా?" అని విసుక్కున్నాడు. మౌని బంతి వెనక్కి తెచ్చుకున్నాడు. మళ్ళీ అలాగే ఇచ్చాడు. ఈసారి తూనీగ ఉక్రోషంతో పరిగెత్తాడు. చూస్తే బంతి అక్కడ, ముందే వచ్చి కూర్చున్న చుట్టంలా ఉంది. ఎడమ కాలు చాచితే చాలు. ఆ తరువాత మూడేళ్ళు అతను పరిగెత్తే ముందు ఆలోచించలేదు. తను చేరాల్సిన చోటు తనకంటే ముందు ఇంకొకడికి తెలుసన్న ధీమా ఎంత హాయిగా ఉంటుందో, అది లేకుండా బతికిన తరువాతే తెలిసింది.

మౌని కెప్టెన్ అయిన ఏడు ఫైనల్ దాకా వచ్చారు, అది కుండపోత వానలో జరిగింది. చివరికొచ్చేదాకా ఎవరూ గోల్ వేయలేదు. బురదలో ఎవరు ఏ జట్టో కూడా తెలియని పరిస్థితి. నడిమధ్యన మౌని కాళ్ళ దగ్గరికి బంతి వచ్చింది. ఇద్దరు మీద పడ్డారు. తూనీగ ఎడమ గీత వెంబడి పరుగందుకున్నాడు. చెయ్యెత్తలేదు, పిలవలేదు. ఆ ఇద్దరి కాళ్ళ సందులోంచి బంతి జారి, బురదని చీల్చుకుంటూ, సరిగ్గా అతని ఎడమ కాలి ముందుకొచ్చింది. కొట్టాడు. వల కదిలింది. గుమ్మం తన గోలు గాలికి వదిలేసి, మైదానమంతా అడ్డంగా పరిగెత్తుకొచ్చి ఇద్దరి మీదా పడ్డాడు. ఒడ్డున మేష్టారు ఈల నోట్లో పెట్టుకుని, ఊదడం మరిచిపోయి ఏడుస్తున్నాడు.

మరుసటి ఏడు కూడా కప్పు వాళ్ళదే. ఆ మరుసటి ఏడు సెమీఫైనల్లో పెనాల్టీల దగ్గర ఓడిపోయారు. ఆ బాధతో గుమ్మం మూడు రోజులు అన్నం ముట్టలేదని ఇప్పటికీ చెప్పుకుంటాడు గానీ, మొదటిరోజు సాయంత్రమే క్యాంటీన్ వెనక బన్ను తింటూ దొరికిపోయాడు.

చదువులైపోయాయి. మౌనికి వాతావరణ శాఖలో ఉద్యోగం వచ్చింది. ఎక్కడో కొండమీద పరిశీలనా కేంద్రం. రైలెక్కించడానికి తూనీగ వెళ్ళాడు. చెప్పాల్సింది చాలా ఉందనుకున్నాడు. రైలు కదిలింది. మౌని "సరే మరి" అన్నాడు. తూనీగ కూడా "సరే మరి" అన్నాడు.

ఉత్తరాలు కొన్ని వచ్చాయి. రెండేసి ముక్కలు. "ఇక్కడ చలి. బాగున్నాను." "వాన మొదలైంది. బాగున్నాను." తరువాత బదిలీ అయ్యాడు, ఆ తరువాత మళ్ళీ బదిలీ. తూనీగ రాసినవి తిరిగొచ్చాయి. పెళ్ళికి పిలుద్దామంటే ఎక్కడున్నాడో తెలియదు. ఇద్దరి మధ్యా మాటామాటా అనుకున్నది లేదు. దెబ్బలాడుకుని ఉన్నా బాగుండేది, ఎప్పుడో ఒకప్పుడు రాజీ పడొచ్చు. ఏమీ జరగనిదానికి రాజీ ఎలా పడతారు?

*

పెళ్ళైన కొత్తలో తూనీగ ఆదివారాలు పేటలోని కుర్రాళ్ళతో ఆడటానికి వెళ్ళేవాడు. పరిగెత్తేవాడు. బంతి మాత్రం వెనక్కే వచ్చేది, ఇందాక తను ఉన్న చోటికి. ఆగి, వెనక్కి వెళ్ళి తెచ్చుకోవాల్సి వచ్చేది. వాళ్ళ తప్పేమీ లేదు, మంచి ఆటగాళ్ళే. అయినా ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ మొహం వేలాడేసుకునేవాడు. కొన్నేళ్ళకి వెళ్ళడం మానేశాడు.

ఆ ఫైనల్ గోల్ కథ మాత్రం మానలేదు. పెళ్ళిచూపుల్లో చెప్పాడు. కూతురు పుట్టాక జోలపాటకి బదులు చెప్పాడు. డాక్టరుకి చెప్పాడు. చివరికి పళ్ళ సెట్టు సరిచూసుకోవడానికి వచ్చిన ముసలాయనకి కూడా, ఆయన నోరు తెరిచి ఉండి కదలలేని సమయం చూసి చెప్పాడు.

"నిద్రలో కూడా ఎడమ కాలు విదిలిస్తారు" అని భార్య కూతురికి ఫిర్యాదు చేసేది. "మంచంలో నాకో పక్క గోడ, ఇంకో పక్క ఫైనల్." నవ్వుతూనే అనేది. కానీ ఒక్కోసారి, ఆయన సినిమా చూస్తూనో, కూరగాయలు కోస్తూనో హఠాత్తుగా ఎటో చూస్తూ ఉండిపోయినప్పుడు, ఆవిడ గొంతు తగ్గించి "అంత గుర్తొస్తున్నాడా?" అని అడిగేది. ఆయన "ఎవరు?" అనేవాడు. ఎవరో ఇద్దరికీ తెలుసు.

*

కోచ్ రమ్మన్న రోజు భార్యాభర్తలిద్దరూ కలిసే వెళ్ళారు. కొత్త భవనం సున్నం వాసన కొడుతోంది. పాత మైదానంలో సగం మీద గ్రంథాలయం లేచింది. మిగిలిన సగాన్ని చదును చేసి పచ్చగా పెంచారు. ఏరడానికి ఒక్క రాయి కూడా లేదు. కోచ్ పిల్ల గేటు దగ్గరికే ఎదురొచ్చింది. పొట్టిగా, చురుగ్గా ఉంది. ముప్పై దాటి ఉండవు. మెడలో ఈల.

గుమ్మం అప్పటికే వచ్చి అందరికీ ఆతిథ్యం ఇస్తున్నాడు, భవనం తనే కట్టించినట్టు. ఇప్పుడతనికి రంగుల దుకాణం ఉంది, దానికి దీటైన పొట్ట కూడా ఉంది. "గుమ్మం కాదురా, సింహద్వారం అయిపోయావు" అన్నాడు తూనీగ.

"అందుకే ఇప్పుడు కదలక్కర్లేదు. ఊరికే నిలబడితే చాలు, గోలు మూసుకుపోతుంది" అన్నాడు గుమ్మం. అని, నవ్వు తగ్గించి, "వాడు రాలేదురా. ఆ అమ్మాయిని అడిగాను" అన్నాడు.

తూనీగ తలూపాడు. రాడని తనకి తెలుసనే అనుకున్నాడు. అయినా గేటు కనపడే కుర్చీ చూసుకుని కూర్చున్నాడు.

వైస్ ఛాన్సలర్ ప్రసంగం మొదలైంది. మేష్టారి గురించి, రాళ్ళ గురించి, రెండు కప్పుల గురించి చెప్పాడు. ఆ తరువాత మూసేసిన జట్టు గురించి, పదేళ్ళ క్రితం మళ్ళీ మొదలైన జట్టు గురించి, పోయిన ఏడు క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళడం గురించి చెప్పాడు. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. అప్పుడే ఎవరో వచ్చి చివరి వరసలో కూర్చున్నారు. తెల్లటి జుట్టు, ఈ ఎండలో స్వెటరు, ఒడిలో గుడ్డసంచి. కూర్చున్న మనిషి ఎవరివంకా చూడలేదు, తల దించుకుని ఉన్నాడు.

తల అలా దించుకునే మనిషిని తూనీగ జీవితంలో ఒక్కణ్ణే చూశాడు. లేచాడు. వరసల మధ్యనుంచి నడుచుకుంటూ వెళ్ళాడు. వెనక భార్య, "ఏమండీ, ప్రసంగం" అంటున్నా వినిపించుకోలేదు. వెళ్ళి పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"వచ్చావా" అన్నాడు.

"ఉత్తరం ఆలస్యంగా అందింది" అన్నాడు మౌని. "ఆఫీసులన్నీ తిరిగి తిరిగి వచ్చింది."

ప్రసంగం అయ్యేదాకా ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు.

వరండాలో ఫొటోల ముందు గుమ్మం ఇద్దరినీ చెరో చేత్తో పట్టుకున్నాడు. "ఏరా, బతికున్నావని ఒక్క ముక్క రాయడానికి నీ సొమ్మేం పోయిందిరా?" అని మౌనిని కడిగేశాడు. మౌని నవ్వాడు. పై వరస పళ్ళు రెండు లేవు. తూనీగ కళ్ళు అలవాటుగా అక్కడే ఆగాయి.

గోడ మీద పెద్దది చేసి పెట్టిన ఫొటో ఆ ఫైనల్‌ది. బురదలో మునిగిన పదకొండుమంది. తూనీగ ఇన్నేళ్ళూ ఈ క్షణం కోసమే దాచుకున్న మాట బయటికి తీశాడు. "ఆ పాస్ గుర్తుందిరా?"

మౌని ఫొటో వంక చాలాసేపు చూశాడు. "ఏ పాస్?"

"అదేరా. ఇద్దరు మీద పడ్డారు. వాళ్ళ కాళ్ళ సందులోంచి..."

"గెలిచామని గుర్తుంది. వాన గుర్తుంది. ఆరోజు బాగా పడింది." ఇంకాసేపు ఆలోచించాడు. అబద్ధం చెప్పడం రానివాడిలా ఇబ్బందిగా అన్నాడు, "గోల్ నువ్వే వేశావు కదా. ఎలా వేశావో మాత్రం... లేదురా. గుర్తు రావట్లేదు."

తూనీగకి, ఏళ్ళ తరబడి సానపట్టి మెరుగుపెట్టిన సెట్టు అసలు ఎవరి నోటికీ సరిపోదని తెలిసినట్టయింది. గుమ్మం పరిస్థితి గమనించి మధ్యలో దూరాడు. "పోనీ, రెండో సగంలో నేను ఎడమవైపు గాల్లోకి దూకి పట్టుకున్నది?"

"నువ్వు దూకావా?" అన్నాడు మౌని.

"ఛీ, వీడి కోసమా నేను మూడు రోజులు అన్నం మానేసింది!"

ముగ్గురూ నవ్వారు. తూనీగ నవ్వు మాత్రం పెదాల దగ్గరే ఆగిపోయింది. పక్కకి జరిగి, కిటికీలోంచి మైదానం చూస్తూ నిలబడ్డాడు. మౌని వచ్చి పక్కన చేరాడు. ఈసారి ముందు మౌనే మాట్లాడాడు.

"నాకు పొద్దున్నలు గుర్తున్నాయి."

"ఏ పొద్దున్నలు?"

"చలికాలంలో. మంచు పట్టేది కదా, అటుచివర గోలు కూడా కనిపించేది కాదు. మనిద్దరమే లేచి వచ్చేవాళ్ళం."

"నేను ఆరోగ్యం కోసం పడుకునేవాణ్ణి" అన్నాడు గుమ్మం వెనకనుంచి.

"మంచులో నువ్వు కనిపించేవాడివి కాదు" అన్నాడు మౌని. "అడుగులు వినిపించేవి. చప్పుడుని బట్టి బంతి పంపేవాణ్ణి. కాసేపటికి అది తిరిగొచ్చేది. అంతే. అంతకుమించి ఏం లేదు." సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "కొండమీద ఉన్నన్నాళ్ళూ రోజూ మంచే. తెల్లారగానే వానలెక్క చూడ్డానికి బయటికొచ్చేవాణ్ణి. ఏమీ కనిపించేది కాదు. పని అయిపోయినా వెంటనే లోపలికి వెళ్ళబుద్ధయ్యేది కాదు. ఎవరైనా పరిగెత్తుకొస్తారేమోనని కాసేపు నిలబడేవాణ్ణి."

తూనీగ అతనివైపు తిరిగాడు. "మరి ఉత్తరంలో ఒక్క ముక్క రాయొచ్చు కదరా?"

"ఇది ఉత్తరంలో ఎలా రాస్తార్రా?" అన్నాడు మౌని. నిజంగానే అడుగుతున్నాడు.

తూనీగని బాధపెట్టింది ఇంకొకటి. ఆ పొద్దున్నలు తనకి సరిగ్గా గుర్తు లేవు. చలి గుర్తుంది. బూట్లు తడిసేవని గుర్తుంది. ఇద్దరమే ఉండేవాళ్ళమా? మంచులోంచి బంతి వచ్చేదా? ఎంత తడుముకున్నా చేతికి దొరకలేదు.

*

సాయంత్రం నీరెండలో సరదా ఆట. పాతవాళ్ళలో నడవగలిగినవాళ్ళంతా దిగారు. వాళ్ళు తక్కువైన చోట కోచ్ ఇప్పటి జట్టు కుర్రాళ్ళనే కొందరిని ఇటు వేసింది. మౌని స్వెటరు విప్పి మడతపెట్టి, గుడ్డసంచి మీద పెట్టి, నడిమైదానానికి వెళ్ళి నిలబడ్డాడు. ఎవరూ చెప్పకుండానే తూనీగ ఎడమ గీత దగ్గరికి వెళ్ళాడు.

గుమ్మం మొదటి అయిదు నిమిషాల్లోనే రెండు గోల్స్ వదిలేశాడు. ఆ వేసిన కుర్రాళ్ళని పిలిచి ఏ కోర్సు, ఏ ఊరు అని విచారించాడు. తూనీగకి బంతి రెండుసార్లు వచ్చింది, కుర్రాళ్ళ దగ్గర్నుంచి, మర్యాదగా, సరిగ్గా కాళ్ళ దగ్గరికి. పెద్దాయనకి కుర్చీ వేసినట్టు ఇచ్చారు. తన్ని ఇచ్చేశాడు.

అప్పుడు బంతి మౌని దగ్గరికి వెళ్ళింది. ఒక కుర్రాడు ఎదురొచ్చాడు. మౌని తల ఎత్తలేదు. తూనీగ కాళ్ళకి మాత్రం ఏదో తెలిసిపోయింది. ఆలోచించకుండా పరుగందుకున్నాడు. నిజంగానే పరిగెత్తాడు. గోడ పట్టుకుని మెట్లు దిగే మనిషిలా కాదు. ఒడ్డున భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

బంతి వచ్చింది. గడ్డిని తాకీ తాకనట్టు, ఆ కుర్రాడి పక్కనుంచి, డిఫెండర్ల నడుమ ఎవరూ చూడని సందులోంచి, ఎడమ గీతకి ఒరుసుకుంటూ వచ్చింది. ఏం చూసి ఇచ్చాడో, అంత చక్కగా వచ్చింది. వచ్చి, తూనీగ ముందునుంచి, ఎంతో ముందునుంచి సాగిపోయింది. అతను ఇంకా చాలా దూరంలో ఉన్నాడు. కాలు చాచాడు. అందలేదు. బంతి గీత దాటి, గ్రంథాలయం గోడకి తగిలి ఆగింది.

కుర్రాళ్ళు అభిమానంగానే నవ్వి, చప్పట్లు కొట్టారు. కోచ్ మాత్రం నవ్వలేదు. బంతి వచ్చిన దారినీ, ఆగిన చోటునీ మార్చిమార్చి చూస్తూ, ఈల నోట్లో పెట్టుకుని ఊదకుండా నిలబడింది.

తూనీగ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి రొప్పుతున్నాడు. మౌని నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చాడు.

"ఎక్కువిచ్చానా?"

తూనీగ తల అడ్డంగా ఊపాడు. ఊపిరి అందిన తరువాత అన్నాడు, "లేదు. సరిగ్గానే ఇచ్చావు. నేనే ఇంకా రాలేదు."

మౌని అతని భుజం మీద చెయ్యి వేశాడు. చెమటో, ఇంకేమిటో, తూనీగ చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. అవతల గోలులోంచి గుమ్మం అరుస్తున్నాడు, "ఒరేయ్, కౌగిలింతలు తరువాత! ఇక్కడ నా పరువు పోతోంది!"

పాత జట్టు చిత్తుగా ఓడిపోయింది. ఎవరూ పట్టించుకోలేదు.

ఆట అయ్యాక మౌనిని బస్సెక్కించడానికి తూనీగ, అతని భార్య, గుమ్మం ముగ్గురూ వెళ్ళారు. భార్యాబిడ్డలు లేరని, ఆఖరి కేంద్రం ఉన్న కొండ ఊళ్ళోనే చిన్న ఇల్లు కొనుక్కున్నానని దారిలో చెప్పాడు. తూనీగ ఇంటికి రమ్మన్నాడు. నాలుగు రోజులుండమన్నాడు. "ఆ పళ్ళు రెండూ నేను కట్టిస్తానురా" అని కూడా ఆశపెట్టాడు. కుండీల్లో మొక్కలు ఎండిపోతాయని, ఈసారి వస్తానని అన్నాడు మౌని. బస్సు కదిలేముందు తూనీగ అతని ఫోన్ లాక్కుని తన నంబరు ఎక్కించాడు. సరిగ్గా ఎక్కిందో లేదోనని తనే ఒకసారి మోగించి చూసుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో భార్య చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆవిడకి ఆట గురించి తెలిసింది తక్కువ. గోలంటే గోలని తెలుసు, అంతే.

"మీరు చెబుతుంటే ఇన్నేళ్ళూ గొప్పలనుకున్నాను" అంది చివరికి. "ఇవాళ చూశాను. మీ ముందు ఇంకెవరో పరిగెడుతున్నట్టు పోయిందండీ ఆ బంతి."

"నేనే" అన్నాడు తూనీగ.

ఆవిడ ఆయన చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

*

ఆదివారం సాయంత్రాలు మౌని ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. మొదట్లో ఆ సంభాషణలు వింటే ఎవరికైనా నవ్వొస్తుంది.

"ఇక్కడ మబ్బుగా ఉంది."

"ఇక్కడ ఎండ."

"ఊఁ."

"ఊఁ. సరే మరి."

"సరే మరి."

"ఇదేం మాటలండీ, రేడియోలో వార్తల్లా!" అని భార్య నవ్వేది. కానీ ఆదివారం మధ్యాహ్నం నుంచే ఆయన ఫోన్ జేబులోంచి తీసి బల్ల మీద పెట్టుకోవడం, తెర మీద వేలితో తుడవడం చూసి నవ్వు ఆపేసేది.

ఫైనల్ గోల్ కథ ఆయన ఎవరికీ చెప్పడం లేదని ఆవిడ కొన్నాళ్ళకి గమనించింది. కోపంతో మానలేదు. ఆ గోల్ కోసం ఇన్నాళ్ళూ కొట్టుకున్న ప్రాణం ఇప్పుడు ఇంకో చోటికి మళ్ళింది. పొద్దున్నే లేచి వసారాలో నిలబడుతున్నాడు. తన దగ్గర లేకుండా పోయిన ఆ పొద్దున్నల కోసం లోపలంతా వెతుక్కుంటున్నాడు. ఆడింది తనే, కాళ్ళు తనవే, బంతిని తిరిగి పంపిందీ తనే. అయినా అవన్నీ ఇంకొకడి దగ్గర ఉండిపోయాయి.

ఒక ఆదివారం ఫోన్ ఆలస్యంగా, రాత్రి భోజనాల వేళ మోగింది.

"ఇక్కడ మంచు దిగింది" అన్నాడు మౌని.

భార్య పళ్ళేలు పెడుతోంది. తూనీగ కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఒరేయ్, నాకవి గుర్తు లేవురా" అన్నాడు. "ఆ పొద్దున్నలు. ఆరోజు నీతో చెప్పలేకపోయాను. ఎంత ప్రయత్నించినా రావట్లేదు. నువ్వే చెప్పు."

"ఏం చెప్పను?"

"ఉన్నదంతా చెప్పు. హాస్టల్ నుంచి ఎలా వెళ్ళేవాళ్ళం, ముందు ఎవరు లేచేవారు, అన్నీ."

తూనీగ ఫోన్ చెవికి గట్టిగా అదుముకున్నాడు. అవతల కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు వినిపించింది.

"ముందు నువ్వే లేచేవాడివి" అన్నాడు మౌని. "నా కిటికీ కింద నిలబడి ఈల వేసేవాడివి. నీకు ఈల వెయ్యడం రాదు, గాలి మాత్రం వచ్చేది. ఆ గాలికే నేను లేచేవాణ్ణి. బంతి నీ చంకలో ఉండేది..."

పుట్టి బుద్ధెరిగాక మౌని ఒక్కసారిగా అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడి ఉండడు. ఆగుతూ, వెతుక్కుంటూ, మధ్యలో ఒకటి మరిచిపోయి వెనక్కి వెళ్ళి చెబుతున్నాడు. తూనీగ కళ్ళు మూసుకుని వింటున్నాడు. ఒక్కోచోట "ఊఁ" అంటున్నాడు, ఒక్కోచోట "నిజంగానా?" అంటున్నాడు.

భార్య వడ్డించిన పళ్ళెం మీద మూత పెట్టింది. పిలవలేదు. ఎదురు కుర్చీలో కూర్చుని, ఆయన మొహంలోకి చూస్తూ, తను కూడా ఆగింది.